మంచి ఫేజు

"వినపడని తల్లి దగ్గర పసిపిల్లని ఎలా ఉంచుతాం బాబూ, మీరే చెప్పండి."

మా చెల్లెలి అత్తగారు ఈ మాట అడిగినప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అప్పటికి చాలా ఏళ్ళుగా ఆఫీసర్లనీ, కాంట్రాక్టర్లనీ, ఓడిపోయిన సర్పంచుల్నీ ప్రశ్నలడిగి బతుకుతున్నవాణ్ణి. ఒక పెద్దావిడ నన్ను అడిగిన ఈ ఒక్క ప్రశ్నకి గ్లాసు కింద పెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేకపోయాను.

జవాబు చెల్లెలే చెప్పింది. గుమ్మంలో నిలబడి అత్తగారి పెదవులు చదువుతోంది. ఏడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం దాని చెవులు రెండూ తీసుకుపోయింది గానీ అప్పటికే నేర్చిన మాటలు దానికి మిగిలాయి. తన గొంతు తనకి తెలియదు కనక కాస్త గట్టిగా మాట్లాడుతుంది.

"పిల్ల ఏడిస్తే నాకు వినపడదు అత్తయ్యగారూ. కనపడేలా ఏదైనా చెయ్యండి. అంతేగానీ పిల్లనివ్వను. మగ్గం దిగను."

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. చెల్లెలిది బండారులంక, నాది అమలాపురం. సైకిలెక్కితే చొక్కా తడవకుండా వెళ్ళిపోయేంత దూరం. వాళ్ళ ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు గదిలో ఒకప్పుడు మామగారు పిండిమర నడిపేవారు. ఆయన పోయాక మర అమ్మేసి, ఆ గదిలో గుంట తవ్వి చెల్లెలి మగ్గం దింపారు. ఆ గది వెనక ఖాళీ జాగా, అందులో రెండు కొబ్బరిచెట్లు, ఆ వెనక వంటగది, పడకగది. పిల్ల ఉయ్యాల పడకగదిలో. మొదట ఉయ్యాల మగ్గం పక్కనే కట్టారు. నూలు నుసికి పిల్లకి దగ్గు పట్టుకుంది. మళ్ళీ ఆ గదిలోకి తీసుకెళ్ళొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అందుకని చెల్లెలు తన పద్ధతి తాను పెట్టుకుంది. నాడెలో కండె అయిపోయినప్పుడల్లా గుంటలోంచి లేచి, జాగా దాటి వెళ్ళి, పిల్లని చూసి వచ్చి, కొత్త కండె పెట్టుకునేది. నాడె అంటే పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క, కండె అంటే అందులో పెట్టే నూలు చుట్టిన చిన్న గొట్టం. చెల్లెలి గడియారం అదే. ఒక మధ్యాహ్నం అత్తగారు నూలు తెచ్చుకోవడానికి వెళ్ళారు. చెల్లెలు పిల్లని చూసి వచ్చి కొత్త కండె పెట్టిన మరుక్షణమే పిల్ల కాలు ఉయ్యాల గుడ్డలో మెలిపడింది. అత్తగారు వచ్చేసరికి ఐదు నెలల పిల్లకి ఏడవడానికి గొంతు కూడా మిగల్లేదు. కాలి మీద ఎర్రటి చార పడింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ చార ఆ ఇంట్లో అందరి కళ్ళలోనూ ఉండిపోయింది.

అత్తగారి పెద్దకూతురు రాజోలులో ఉంటుంది. పిల్లల్లేరు. నాకు వరసకి వదిన, మంచి మనిషి. పిల్ల బళ్ళోకి వెళ్ళే ఈడు వచ్చేవరకూ తన దగ్గర పెంచుతానంది. అందులో దుర్మార్గం ఏమీ లేదు. ఎదిరించడానికి దుర్మార్గులు దొరకనప్పుడే ఎక్కువ గుండెధైర్యం కావాలి.

మా బావగారు, అంటే చెల్లెలి భర్త, మస్కట్‌లో డ్రైవరు. చెల్లెలికి ఫోను వినపడదు కనక ప్రతి శుక్రవారం నాకు ఫోను చేసేవారు. ఆయన మాటలు న్యూస్‌ప్రింటు ముక్కల మీద రాసుకుని నేను పట్టుకెళ్ళేవాణ్ణి. ఆ వారం కబురు చిన్నది. అమ్మ చెప్పినట్టు చెయ్యమనండి, లేదంటే మగ్గం ఆపేసి పిల్లని చూసుకోమనండి. చెల్లెలు చదివి, కాగితం తిప్పి, వెనకవైపు జవాబు రాసింది: "రెండూ చెయ్యను." పై శుక్రవారం ఆ రెండు మాటలూ నేను ఫోనులో చదివాను. అంత దూరం నుంచి ఆయన నిట్టూర్పు మాత్రం స్పష్టంగా వినపడింది.

"కొన్నాళ్ళు మగ్గం మానేస్తే ఏం పోతుందే?" అన్నాను చెల్లెలితో.

"మగ్గాల దగ్గర మాట్లాడుకునేవాళ్ళని ఎప్పుడైనా చూసేవా అన్నయ్యా? ఆ చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడదు. అందరూ మొహాలు చూసుకుని, చేతులు తిప్పుకుని మాట్లాడుకుంటారు. ఈ ఊళ్ళో నన్ను చెవిటిదనని చోటు అదొక్కటే. దాన్ని వదులుకోమంటావా?"

అత్తగారు నెల గడువిచ్చారు. నెలాఖరు ఆదివారం వదిన రాజోలు నుంచి వస్తుంది. అప్పటికి పిల్ల ఏడుపు తల్లికి చేరే దారి ఏదైనా కుదిరితే సరి, లేకపోతే పిల్ల వెళ్తుంది. మాట తీసుకున్నది అత్తగారు, ఇచ్చింది చెల్లెలు, మధ్యలో నేను సాక్షిని.

ముందు అందరికీ తట్టే పనే చేశాం. పడకగది నుంచి మగ్గం గదికి జాగా మీదుగా సన్న తీగ లాగి, ఉయ్యాల దగ్గర మైకు, మగ్గం దగ్గర చిన్న బల్బు పెట్టించాం. నాలుగో రోజు కొబ్బరి మట్ట పడి తీగ తెగింది. ఆ సంగతి రోజంతా ఎవరికీ తెలియలేదు. బల్బు వెలగకపోతే పిల్ల బాగా నిద్రపోతోందనే చెల్లెలు అనుకుంది.

అమలాపురంలో నేను వార్తలు రాసుకునే గదికి రెండు కొట్ల అవతల టీవీలు బాగుచేసే ఒకాయన ఉండేవారు. ఆయన చదువు పదో తరగతి దగ్గర ఆగింది. చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు వచ్చాక ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టుల కోసం ఆయన కొట్టు ముందు వరస కట్టేవారు. చేసేది ఆయన, మార్కులు వాళ్ళవి. వాళ్ళు వదిలేసి పోయిన పుస్తకాలు ఆయన చదివేవారు. అలా మైక్రోకంట్రోలర్లు ఆయన చేతికి అలవాటయ్యాయి. వేలెడంత నల్ల చిప్పు అది. చెయ్యాల్సిన పని అందులో ఒకసారి రాసి పెడితే, కరెంటు ఉన్నంతసేపూ విసుగు లేకుండా అదే చేస్తూ ఉంటుంది.

చెల్లెల్ని వెంటపెట్టుకుని వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టారు.

"తీగ లాగకండి. మీ ఇంట్లో తీగలు ఉండనే ఉన్నాయి కదండీ."

"ఎక్కడ?"

"గోడల్లోనండి. కరెంటు తీగలు. వాటి మీదే పంపుదాం. ఫాక్సు రాకముందు మీరు రాజమండ్రికి వార్తల కవరు ఎలా పంపేవారండీ?"

"బస్సులో."

"కవరు కోసం ప్రత్యేకం బస్సు వేసేరేటండీ? ఎలాగూ వెళ్ళే బస్సే. డ్రైవరు పక్కన పడేసేవారు. అవతల మీ మనిషి అంతమంది జనంలోంచి కవరొక్కటీ ఏరుకునేవాడు. ఇదీ అంతేనండి. కరెంటు బస్సు, మన మాట కవరు."

ఇంటి కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుందట. దాని మీద సెకనుకి లక్షకి పైగా ఊగే సన్నని అల ఎక్కిస్తారట. ఆ అల ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఉయ్యాల దగ్గర ఒక చిప్పు ఒకట్లూ సున్నాలూ పంపుతుంది, మగ్గం దగ్గర ఇంకో చిప్పు వాటిని ఏరుకుంటుంది. పెద్ద కరెంటుని ఆపి సన్న అలని మాత్రమే పోనిచ్చే కెపాసిటరు రెండు వైపులా కాపలా ఉంటుంది. ఇదంతా ఆయన ఒక కాలేజీ మాస్టారికి చెబితే, "మన ఊళ్ళ కరెంటుకి బల్బే సరిగ్గా వెలగదు, కబురేం వెళ్తుందయ్యా" అని నవ్వారట. ఆ నవ్వు ఈయన లోపల ఎక్కడో దిగబడి ఉంది. చెల్లెలి సంగతి వినగానే కళ్ళు మెరవడానికి సగం కారణం అదేనని నాకనిపించింది.

చెల్లెలు అంతసేపూ ఆయన మొహం వైపే చూస్తోంది.

"ఆయన్ని మీసం కత్తిరించుకోమను అన్నయ్యా. సగం మాటలు అందులోనే ఉండిపోతున్నాయి" అంది గట్టిగా. కొట్లో ఉన్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆయన సిగ్గుపడి మీసం చేత్తో పైకి తోసుకుని మొదటినుంచీ మళ్ళీ చెప్పారు. ఈసారి అంతా పట్టుకుని ఒక్క ప్రశ్న వేసింది.

"దీపం వెలగకపోతే పిల్ల ఏడవట్లేదని అర్థమా, మీ మిషను చచ్చిపోయిందని అర్థమా? నాకెలా తెలుస్తుందండీ?"

ఆయన ఆలోచనలో పడ్డారు. నాకు తుఫాను రోజులు గుర్తొచ్చాయి. తొంభైలలో ఒక తుఫాను మర్నాడు, ఏయే ఊళ్ళ నుంచి నష్టం కబుర్లు వచ్చాయో ఆ ఊళ్ళ గురించే రాశాం. ఏ కబురూ రాని గోదావరి లంకలు బాగానే ఉన్నాయనుకున్నాం. కబురు చెప్పడానికి అక్కడ ఫోను స్తంభం కూడా నిలబడలేదని రెండు రోజులకి గానీ తెలియలేదు. నా వృత్తి నాకు అంత ఆలస్యంగా నేర్పిన పాఠాన్ని చెల్లెలు ఒక కొబ్బరి మట్టతో నేర్చుకుంది.

"మరేనండి" అన్నారాయన చివరికి. "ఏడుపు లేకపోయినా పది సెకన్లకోసారి 'ఉన్నాను' అని పంపిస్తుందండి. అందితే మీ దగ్గర ఆకుపచ్చ దీపం ఒకసారి మిణుకుమంటుంది. వరసగా మూడు అందకపోతే ఎర్రదీపం. దానికి చిన్న బ్యాటరీ పెడతాను, కరెంటు పోయినా ఎర్రదీపం వెలుగుతుంది. పిల్ల ఏడిస్తే పెద్ద బల్బు."

"ఎర్రదీపం చూస్తే నేను లేచి పిల్ల దగ్గరికి వెళ్ళిపోవాలి. అంతేనా?"

"ఆయ్, అంతేనండి."

రెండు వారాలు పట్టింది. ట్యూబులైటు వెలిగించినా, మిక్సీ వేసినా తీగల్లో చెత్త అలలు పుట్టి కబురు పాడయ్యేది. ఫోనులో వార్త చెప్పేటప్పుడు మేం అంకెలు మూడేసి సార్లు చెప్పి, అవతలివాళ్ళ చేత తిరిగి చదివించుకునేవాళ్ళం. ఆయన కూడా ప్రతి కబురూ మూడుసార్లు పంపేట్టు, లెక్క సరిపోతేనే నమ్మేట్టు చిప్పుల్లో రాశారు. కొట్లో అంతా సరిగ్గా పనిచేసింది. బండారులంకలో పెట్టడానికి వచ్చిన రోజు ఆయన మీసం సన్నగా కత్తిరించి ఉంది. చెల్లెలు చూసి, ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చింది.

మొదటి రోజు పగలంతా ఆకుపచ్చ దీపం పదేసి సెకన్లకి మిణుకుమంటూనే ఉంది. పిల్ల ఏడ్చినప్పుడల్లా మగ్గం మీద బల్బు వెలిగింది, చెల్లెలు లేచింది. అత్తగారు వచ్చి చూసి వెళ్ళారు. సాయంత్రం ఎర్రదీపం వెలిగింది. కరెంటు ఉంది. మగ్గం గదిలో లైటు వెలుగుతోంది. చెల్లెలు పరుగెత్తి వెళ్ళి చూస్తే పిల్ల నిద్రపోతోంది, ఉయ్యాల దగ్గర మిషను కూడా వెలుగుతూనే ఉంది. మర్నాడు పొద్దుటికి దానంతటదే బాగుపడింది. ఆ సాయంత్రం మళ్ళీ ఎర్రదీపం. ఆ పై రోజు మధ్యాహ్నం వరకూ అలాగే ఉండిపోయింది.

మెకానిక్కుగారు రెండుసార్లు వచ్చారు. ఆయన వచ్చింది పగలు. వచ్చినప్పుడల్లా ఆకుపచ్చ దీపం బుద్ధిగా మిణుకుమంటోంది. "నా మొహం చూస్తే బాగుపడిపోతోందండి" అన్నారు దిగులుగా.

"నేను బజారుకి వెళ్ళినప్పుడు మిషను ఇలాగే చచ్చిపోతే?" అన్నారు అత్తగారు. "రేపు శనివారం. ఎల్లుండి మా పెద్దమ్మాయి వస్తోంది బాబూ. ఇంక మాటలెందుకు?"

ఆ శనివారం సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. నిజం చెప్పాలంటే, చెల్లెల్ని ఒప్పిద్దామనే వెళ్ళాను. మగ్గం గదిలో దానికి ఎదురుగా నిలబడి, పెదవులు కనపడేలా, మెల్లగా చెప్పాను.

"కొన్నాళ్ళు పంపు. ఈలోపు ఇది సరిచేయిద్దాం. రాజోలెంత దూరమని?"

అది నాడె ఆపలేదు.

"నువ్వు కూడా అటు చేరేవన్నమాట."

"అటూ ఇటూ ఏముంది? పిల్ల మంచి కోసమే..."

"నాకు చెవులు పోయినప్పుడు కూడా అందరూ నా మంచి కోసమే అన్నారు. బడి మాన్పించేరు. నువ్వప్పుడు పదో తరగతి. ఒక్క మాట మాట్లాడేవా? ఈ ఒక్కసారైనా ఊరుకో అన్నయ్యా. నన్ను చూడనీ."

ఏం చూడాలో నాకర్థం కాలేదు. గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెలు అప్పుడు కనపడ్డాయి. ఎర్రదీపం వెలిగిన ప్రతిసారీ వేళ రాసి పెట్టుకుంది. అన్నీ సాయంత్రం సీరియల్ మొదలయ్యే ముందువే. చెల్లెలు మగ్గం ఆపి, గుమ్మంలోంచి జాగా అవతల పడకగది కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేనూ చూశాను. కిటికీలో బల్బు మసగ్గా, నారింజ రంగులో వెలుగుతోంది. ఉన్నట్టుండి అది ఆరిపోయింది. రెండు క్షణాల తర్వాత తెల్లగా, ధగధగా వెలిగింది. మగ్గం దగ్గర ఆకుపచ్చ దీపం అంతకుముందు మిణుకుమన్నదే ఆఖరు. అర నిమిషం గడిచి ఎర్రదీపం వెలిగేసరికి చెల్లెలు గుంటలోంచి లేచిపోయింది. నేను వెనకాల పరుగెత్తాను.

వెనక వసారాలో మీటరు బోర్డు ముందు అత్తగారు ఉన్నారు. కింద చెక్కపీట, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో పింగాణీ ఫ్యూజు.

"మీరేనా అత్తయ్యగారూ!"

"నేనేం చేసేనే? ఫేజు మార్చేను. ఓల్టేజీ లేక టీవీలో బొమ్మ ముడుచుకుపోతోంది."

మా ఊళ్ళలో ఇది తెలియని ఇల్లు లేదు. దీపాలు పెట్టే వేళకి ఓల్టేజీ పడిపోతుంది. స్తంభం మీద వచ్చే మూడు ఫేజుల్లో ఏదో ఒకటి కాస్త నయంగా ఉంటుంది. దాన్ని మంచి ఫేజు అంటారు. వీధిలో వీలున్న వాళ్ళందరూ దాని మీదకి మారతారు, దాంతో అది చెడ్డదవుతుంది, మళ్ళీ అందరూ ఇంకోదాని మీద పడతారు. పిండిమర పోయినా దాని మూడు ఫేజులూ ఈ ఇంట్లో ఉండిపోయాయి. పడకగది ఫ్యూజు మంచి ఫేజులోకి మార్చడం అత్తగారికి సాయంత్రం కాళ్ళు కడుక్కోవడం లాంటిది. మర్నాడు గుర్తొచ్చినప్పుడు మళ్ళీ పాతదానిలో పెట్టేస్తారు. ఒకరికి చెప్పాల్సిన సంగతని ఎవరనుకుంటారు? మగ్గం గదిది వేరే లైను, అది కదలదు. పిల్ల మిషను ఒక ఫేజులో, తల్లి మిషను ఇంకో ఫేజులో పడిపోతున్నాయి. మెకానిక్కుగారి కొట్లో ఉన్నది ఒక్క ఫేజే.

ఫోను బూత్ నుంచి మెకానిక్కుగారికి చెప్పాను.

"రాజమండ్రి బస్సులో కవరేసి, రాజోలు బస్సు దగ్గర మనిషిని నిలబెట్టేనన్నమాటండి" అన్నారు. "ఎవరు కనిపెట్టేరండీ?"

"మా చెల్లెలు."

"ఆయ్. ఆవిడే ఉంటారు."

మెకానిక్కుగారు ఆదివారం పొద్దున్నే వచ్చి, లైనుమన్ చేత స్తంభం దగ్గర కరెంటు ఆపించి, అంత ఓల్టేజీకి తట్టుకునే కెపాసిటర్లు మీటరు బోర్డు మీద మూడు ఫేజుల మధ్యా బిగించారు. పెద్ద కరెంటు దేని దారిన అది పోతుంది, సన్న అల మాత్రం ఒక బస్సులోంచి ఇంకో బస్సులోకి మారుతుంది. ఆ పని పూర్తవుతుండగా వదిన రాజోలు బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో కొత్త ఉయ్యాల దోమతెర.

"అందరూ బోర్డు ముందు ఉన్నారేటండీ, ఎవరికైనా షాకు కొట్టిందా?" అంది.

"వచ్చి ఇలా కూర్చోండి వదినగారూ" అని చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మగ్గం గదిలో పీట మీద కూర్చోబెట్టింది. "ఆ ఆకుపచ్చ దీపం చూస్తూ ఉండండి. ఆగితే చెప్పండి." తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "మీరు ఫ్యూజు మార్చండి అత్తయ్యగారూ. మూడూ మార్చండి. మీకెలా బుద్ధి పుడితే అలా మార్చండి."

చెల్లెలు గుంటలో దిగి నాడె అందుకుంది, నేను రెండూ కనపడేలా జాగాలో నిలబడ్డాను, అత్తగారు వసారాలో పీటెక్కారు. మొదటి ఫేజు. ఆకుపచ్చ. రెండోది. ఆకుపచ్చ. మూడోది పెట్టి, మళ్ళీ మొదటిది పెట్టి, మళ్ళీ మూడోది పెట్టారు. తప్పు పట్టుకోవాలనే పట్టుదల ఆ చేతుల్లో కనపడింది, నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఈ హడావుడికి పిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. మగ్గం మీద పెద్ద బల్బు వెలిగింది. చెల్లెలు నాడె పక్కన పెట్టి, తొందర లేకుండా గుంటలోంచి లేచి, మా అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి, పిల్లని భుజాన వేసుకుని వచ్చింది.

మొదట వదినే నోరు విప్పింది.

"అయితే నేను ఈ దోమతెర కట్టేసి పోతానమ్మా. మూడు గంటల బస్సుంది."

ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చెల్లెలు అది చూసింది. పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టింది. "బస్సు వేళ వరకూ మీదే వదినగారూ" అంది. అంతకు మించి ఒక్క మెట్టు కూడా దిగలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా లోపలి విలేకరి ఊరుకోలేదు. దీన్ని జిల్లా పేజీకి రాస్తానన్నాను.

"ఏమని రాస్తావు?" అంది చెల్లెలు. "చెవిటి తల్లికి యంత్రమే దిక్కు అని పెద్దక్షరాలతో వేస్తారు మీవాళ్ళు. పిల్లకి దిక్కు నేను. ఆ డబ్బా కూడా నా మీదే ఆధారపడింది. రాయకు."

రాయలేదు. ఇప్పుడు రాయడానికి ఒప్పుకుంది, ఫేజు సంగతి ఎవరు కనిపెట్టారో తప్పులేకుండా రాస్తే.

మిషను ఏడాదిన్నర నడిచింది. పిల్లకి నడక వచ్చి, జాగా దాటి మగ్గం గది గుమ్మం దాకా వచ్చి, తల్లి కొంగు పట్టుకుని లాగడం నేర్చుకున్నాక చెల్లెలే రెండు డబ్బాలూ పీకి మెకానిక్కుగారికి తిరిగి ఇచ్చేసింది. కెపాసిటర్లు మాత్రం బోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

నేను ఆ తర్వాత చాలా సాయంత్రాలు అక్కడ కాఫీ తాగాను. సీరియల్ వేళకి అత్తగారు రబ్బరు చెప్పులు తొడుక్కునేవారు. బోర్డు దగ్గరికి వెళ్ళే ముందు జాగా దాటి మగ్గం గదికి వచ్చి, కోడలి ఎదురుగా, మొహం మీద వెలుతురు పడేలా నిలబడి చెప్పేవారు.

"ఫేజు మారుస్తున్నానమ్మాయ్."

చెప్పాల్సిన అవసరం ఎప్పుడో తీరిపోయింది. చెల్లెలు మాత్రం నాడె ఆపి, ఆ మాట పూర్తిగా చూసి, సరేనని తలూపాకే మళ్ళీ నేత మొదలుపెట్టేది.